కరెంటు పోయాక ఎంతసేపు?

1983 అక్టోబర్ 11 రాత్రి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి కార్బొండేల్‌కు ఒక ప్రయాణికుల విమానం బయల్దేరింది. ఎయిర్ ఇల్లినాయ్ సంస్థది, హాకర్ సిడ్లీ 748 రకం, ముప్పావుగంట ప్రయాణం. నేల విడిచిన కొద్దిసేపటికే ఎడమ జనరేటర్ పోయింది. కో-పైలట్ పొరపాటున దాన్ని వదిలేసి, బాగున్న కుడి జనరేటర్‌ను వేరుచేశాడు. ఆ తర్వాత రెండింటిలో ఏదీ మళ్లీ దారికి రాలేదు. బయల్దేరిన విమానాశ్రయం ఇంకా వెనకే, దగ్గర్లోనే ఉంది. కెప్టెన్ మాత్రం ముందుకే సాగాడు. నిండుగా చార్జి అయిన బ్యాటరీలు అరగంట వస్తాయన్నది పుస్తకం లెక్క. మబ్బుల్లో, చీకట్లో, గమ్యం చేరకముందే అవి చేతులెత్తేశాయి. పింక్నీవిల్ దగ్గర విమానం కూలి, అందులో ఉన్న 10 మందీ చనిపోయారు. తిరిగి వెళ్లకుండా ముందుకే పోవాలన్న నిర్ణయమే ప్రధాన కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది.

అది విమానయాన సంస్థ నడిపిన విమానం. దానికి రూల్స్ ఉన్నాయి, మెకానిక్కులున్నారు, మాన్యువల్ ఉంది. అయినా అసలు ప్రశ్నకు జవాబు కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లకు తెలియలేదు: ఈ బ్యాటరీ, ఈ రాత్రి, ఈ లోడ్ మీద నిజంగా ఎన్ని నిమిషాలు వస్తుంది? ఈ ప్రశ్నను ఇంటి గ్యారేజీలో సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు కూడా ఎదుర్కోక తప్పలేదు. కాస్త ఆలస్యంగానైనా గట్టిగానే పట్టించుకున్నారు. ఆలస్యానికి కారణముంది. మొదటి యాభై ఏళ్లలో వాళ్ల విమానాల్లో పోవడానికి కరెంటే లేదు.

1903లో రైట్ సోదరుల ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించింది మాగ్నెటో. ఇంజన్ అందుకోవడానికి మాత్రం డ్రై సెల్స్, కాయిల్ వాడేవారు. ఇంజన్ తిరగడం మొదలయ్యాక వాటిని నేలమీదే వదిలేసేవారు. బరువు తగ్గించుకోవడానికి చేసిన ఆ పనే తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చిన్న విమానాలకు పద్ధతిగా మిగిలింది. మాగ్నెటోలో ఇంజన్‌తో పాటే ఒక అయస్కాంతం తిరుగుతుంది, పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది, అదే స్పార్క్‌ప్లగ్ దాకా పోతుంది. బయటి నుంచి ఏ సాయమూ అక్కర్లేదు. పైలట్ ముందున్న స్విచ్ కూడా దాన్ని ఆపడానికే తప్ప నడపడానికి కాదు. ఆ స్విచ్ వైరు తెగిపోతే మాగ్నెటో ఆగదు, ఇంకా మొండిగా నడుస్తూనే ఉంటుంది. ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలని విమానాల ఇంజన్లకు రెండేసి పెట్టడం అలవాటైంది.

1929లో మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటన్‌పోల్ ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజన్‌తో ఎయిర్ క్యాంపర్ అనే రెండు సీట్ల విమానం ఎగరేశాడు. కారులో ఆ ఇంజన్ బ్యాటరీ మీద ఆధారపడి వెలిగేది. విమానంలోకి వచ్చేసరికి దానికి మాగ్నెటో తగిలించారు. ఫ్రాన్స్‌లో హెన్రీ మిన్యే 1933లో ఎగరేసిన ‘పూ దు సియెల్’ ఇంకా చిన్నది. చెక్కపని తెలిసినవాడెవడైనా కట్టుకోవచ్చన్న ఊరింపుతో యూరప్‌లో వేలమందికి పిచ్చెక్కించింది. ప్రమాదాలు పెరిగి, 1936 నాటికి అధికారులు దాని నడుం విరిచేశారు. ఈ విమానాల్లో దేనికీ దీపాలు లేవు, రేడియో లేదు. పగలు ఎగరాలి, కింద రోడ్డు చూసుకుంటూ పోవాలి.

అమెరికాలోనూ ఇంట్లో కట్టిన విమానానికి చాలాకాలం చట్టంలో చోటు లేదు. అడ్డంకులున్న ఆ రోజుల్లో ఒరెగాన్ రాష్ట్రం ఒక్కటే కాస్త చూసీచూడనట్టు ఉండేది. ఆ రాష్ట్రానికే చెందిన జార్జ్ బొగార్డస్ 1947లో ‘లిటిల్ జీ బీ’ అనే బుల్లి విమానంలో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు ఎగిరి, వాషింగ్టన్‌లో అధికారుల ముందు తన వాదన వినిపించాడు. ఆ తర్వాతే ఇలాంటి విమానాలకు ప్రత్యేక వర్గం వచ్చింది. 1953 జనవరి 26న మిల్వాకీ దగ్గర పాల్ పొబెరెజ్నీ మరికొందరితో కలిసి ఎక్స్‌పరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టాడు. 1970 నుంచి ఆ సంఘం వార్షిక జాతర ఆష్‌కాష్‌లో జరుగుతోంది.

ఆ ప్రత్యేక వర్గానికి సంబంధించిన చట్టంలో ఒక మెలిక మన కథకు ముఖ్యం. సొంతంగా కట్టుకున్న విమానంలో కనీసం సగానికి పైగా పని కట్టినవాళ్లదే అయుండాలి. చదువుకోసమో సరదాకోసమో చేసిందై ఉండాలి. ఆ షరతు తీరితే, ఫ్యాక్టరీ విమానాలకు పెట్టే డిజైన్ ప్రమాణాలు వీటికి వర్తించవు. కట్టినవాళ్లు రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఏడాదికోసారి జరిగే తనిఖీ కూడా తామే చేసి సంతకం పెట్టుకోవచ్చు. ఎలక్ట్రికల్ సిస్టమ్ ఎలా ఉండాలో, బ్యాటరీ ఎంతసేపు నిలవాలో చెప్పే పెద్దమనిషి ఎవరూ లేడన్నమాట. స్వేచ్ఛ బాగుంది. బ్యాటరీ విషయంలో దాని ఖరీదు కనబడటానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది.

ముందు స్టార్టర్ వచ్చింది, దాని వెంటే జనరేటర్, రేడియో, దీపాలు. 1960ల్లో జనరేటర్ పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. తేలిక, ఇంజన్ మెల్లగా తిరిగినా కరెంటు ఇస్తుంది. కాకపోతే అది తనంతట తాను మొదలవ్వదు. అందులోని ఫీల్డ్ కాయిల్‌కు ముందు బ్యాటరీ నుంచి కాస్త కరెంటు అందితేనే మేల్కొంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఆల్టర్నేటర్ ఉండీ లేనట్టే.

విమానాల డిజైనర్ బర్ట్ రుటాన్ ఈ దారిలో పోవడానికి ఇష్టపడలేదు. 1975 నాటి అతని వారీఈజీ నురుగు, గ్లాస్ ఫైబర్‌తో కట్టిన సన్నని విమానం. స్టార్టర్ కూడా లేకుండా, ప్రొపెల్లర్ చేత్తో తిప్పి మొదలుపెట్టాలన్నది డిజైన్ ఉద్దేశం. ఎదురుదారి పట్టింది రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్. 1971లో ఎగిరిన అతని ఆర్‌వీ-3 నుంచి మొదలైన ఆర్‌వీ వంశం ఇప్పుడు 11,000 దాటింది. అవి వారాంతపు చక్కర్లకే కట్టినవి కావు. రాష్ట్రాలు దాటి, రాత్రుళ్లు, కొందరైతే మబ్బుల్లోంచి కూడా పోయేందుకు కట్టినవి. అలా వెళ్లేవాడికి కరెంటు అదనపు హంగు కాదు, ప్రాణావసరం.

విచిటా అనే పేరు విమానాల వాళ్లందరికీ తెలిసిందే, సెస్నా పుట్టిన ఊరు. అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీర్ బాబ్ నకల్స్ 1980ల చివర్లో ‘ఏరోఎలక్ట్రిక్ కనెక్షన్’ అనే పుస్తకం రాయడం మొదలుపెట్టి, దశాబ్దాల పాటు దానికి కొత్త అధ్యాయాలు చేరుస్తూ వచ్చాడు. ఫ్యాక్టరీ విమానాల వైరింగ్‌ను గుడ్డిగా కాపీ కొట్టేవాళ్లతో అతనికి పేచీ. ఆల్టర్నేటర్ ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది, అది చెడినప్పుడు విమానం ఏ ఒత్తిడీ లేకుండా ఇంటికి చేరేలా ముందే కట్టుకోవాలి అన్నది అతని మాట. దానికి అతను సూచించిన ఏర్పాటు ఎండ్యూరెన్స్ బస్. (బస్ అంటే పరికరాలకు కరెంటు పంచే పట్టీ.) అత్యవసరమైన పరికరాలన్నీ ఒక వరుసలో పెట్టాలి. మామూలప్పుడు మెయిన్ బస్ నుంచి ఒక డయోడ్ ద్వారా వాటికి కరెంటు అందుతుంది. ఆల్టర్నేటర్ పోతే బ్యాటరీ దగ్గర నుంచి నేరుగా వచ్చే రెండో దారి స్విచ్ వెయ్యాలి, మాస్టర్ స్విచ్ ఆపెయ్యాలి.

మాస్టర్ ఎందుకు ఆపాలి? ఆ స్విచ్ వెనకున్న కాంటాక్టర్ కాయిల్ ఒక్కటే దాదాపు ఒక ఆంపియర్ మింగుతుంది, ఏ పనీ చెయ్యకుండా. అయిదారు ఆంపియర్ల లోడ్ మీద గంటలు లెక్కపెట్టుకుంటున్నప్పుడు ఆ ఒక్క ఆంపియర్ చాలా పెద్దది.

ఇంకో సంగతి కూడా అతను పట్టుబట్టి చెప్పేవాడు. 13 వోల్టుల దగ్గర వెలిగే హెచ్చరిక దీపం ఉండాలి. బాగున్న ఆల్టర్నేటర్ 14 వోల్టుల పైనే ఉంచుతుంది. బ్యాటరీ ఒంటరిగా ఉంటే వోల్టేజీ 12.8 కిందికి దిగుతుంది. ఆ తేడా కనిపెట్టే దీపం లేకపోతే, పైలట్ గమనించేలోపే బ్యాటరీలో సగం కరిగిపోయి ఉండొచ్చు.

సర్టిఫైడ్ చిన్న విమానాలకు అమెరికా నిబంధన ఒకప్పుడు 30 నిమిషాలని చెప్పింది: కరెంటు తయారీ మొత్తం ఆగిపోతే, విమానం సురక్షితంగా దిగడానికి కావలసిన లోడ్‌ను బ్యాటరీ కనీసం అంతసేపు మొయ్యాలి. అందులోనే పైలట్ జరిగింది గుర్తించే సమయం, అక్కర్లేనివి ఆపే సమయం కూడా కలిసి ఉంటాయి. నకల్స్‌ను అనుసరించినవాళ్లకు ఆ అరగంట సరిపోయినట్టు అనిపించలేదు. ట్యాంకులో ఉన్న పెట్రోలు ఎంతసేపు వస్తుందో బ్యాటరీ కూడా అంతసేపు రావాలి అన్నది వాళ్ల లక్ష్యం. అది అందుకోలేకపోతే, ఎన్ని నిమిషాలు కావాలో పైలట్ తానే నిర్ణయించుకోవాలి, ఆ సంఖ్యను కొలిచి నిలబెట్టుకోవాలి. ఇక్కడే చిక్కు మొదలైంది. బ్యాటరీ మీద అచ్చువేసిన సంఖ్య ఆ పైలట్ సంఖ్య కాదు.

1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం బ్యాటరీ స్వభావం నేటికీ పెద్దగా మారలేదు. మెల్లగా వాడితే ఎక్కువ ఇస్తుంది, గబగబా లాగితే తక్కువ ఇస్తుంది. ఆ తగ్గుదలకు 1897లో పోయికర్ట్ ఒక సూత్రం కట్టాడు. తెలుగిళ్లలో ఇన్వర్టర్ కొన్నవాళ్లకు ఇది అనుభవమే. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని ఉంటుంది, కానీ అది 20 గంటల పాటు కొద్దికొద్దిగా తీసుకుంటే వచ్చే లెక్క. నాలుగు ఫ్యాన్లూ టీవీ వేసి కొద్ది గంటల్లోనే లాగితే అంత రాదు. ఆర్‌వీల్లో ఎక్కువగా కనిపించే ఒడిస్సీ పీసీ680 ఏడు కిలోల బ్యాటరీ, 16 ఆంపియర్-అవర్ల చుట్టూ ఉంటుంది. 8 ఆంపియర్లతో భాగిస్తే రెండు గంటలని కాగితం చెబుతుంది. చలి పెరిగితే, బ్యాటరీ పాతబడితే ఆ రెండు గంటలు ఇంకెంత తగ్గుతాయో కాగితం చెప్పదు.

చాలామందిని తప్పుదారి పట్టించింది మాత్రం స్టార్టర్. పొద్దున మీట నొక్కగానే ప్రొపెల్లర్ చకచకా తిరిగితే బ్యాటరీ బాగుందనుకుంటారు. ఇంజన్ తిప్పడానికి కావలసింది కొన్ని సెకన్ల పాటు పెద్ద కరెంటు. పలుచని ప్లేట్లున్న ఈ సీల్డ్ బ్యాటరీలు తమ శక్తిలో సగం పోగొట్టుకున్నాక కూడా ఆ పని చేసిపెడతాయి. గంటల తరబడి అయిదారు ఆంపియర్లు ఇవ్వడం వేరే పరీక్ష. అందులో అవే బ్యాటరీలు ఘోరంగా తప్పుతాయి. స్టార్టర్ తిప్పలేనప్పుడు కాదు, కావలసినంతసేపు నిలవలేనప్పుడే బ్యాటరీ మార్చాలన్న మాట ఈ అనుభవం నుంచే పుట్టింది. కొత్తగా విన్నవాళ్లకు అది కాస్త దుబారాగా తోచేది.

పరీక్ష చెయ్యడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. బ్యాటరీని నిండా చార్జి చేసి కాసేపు వదిలేస్తారు. విమానంలోనే చెయ్యాలనుకుంటే ఇంజన్ ఆపి, ఎండ్యూరెన్స్ బస్ మీదున్నవన్నీ వేసి, గడియారం చూస్తూ కూర్చుంటారు. వోల్టేజీ 11 కిందికి దిగాక మిగిలేది చాలా తక్కువ కాబట్టి చాలామంది 10.5 దగ్గరో 11 దగ్గరో ఆపేస్తారు. విమాన బ్యాటరీల కంపెనీలు చెప్పే పద్ధతిలో గంటలో ఖాళీ అయ్యేంత లోడ్ పెట్టి 10 వోల్టుల దాకా లాగుతారు. రేటింగ్‌లో నిర్ణయించిన శాతం రాకపోతే ఆ బ్యాటరీ ఇక విమానానికి పనికిరాదు.

బ్యాటరీ బయటికి తీసి బల్లమీద చేసేవాళ్లకు ఇంకా చౌక మార్గాలున్నాయి. కారు హెడ్‌లైట్ బల్బు మంచి లోడ్. ఒక రిలే పెట్టి, వోల్టేజీ గీత దాటగానే గోడగడియారం ఆగిపోయేలా అమర్చితే రాత్రంతా మెలకువగా ఉండక్కర్లేదు. పొద్దున్నే వచ్చి ముల్లు ఎక్కడ ఆగిందో చూసుకోవడమే. తర్వాత కంప్యూటర్‌కు తగిలించే చిన్న అనలైజర్లు వచ్చాయి. అవి స్థిరమైన కరెంటు లాగుతూ వోల్టేజీ గీత మొత్తం గీసి పెడతాయి. ఏడాదికొకటి చొప్పున గీతలు దాచిపెట్టుకున్నవాళ్లకు బ్యాటరీ ముసలితనం కళ్లముందు కనబడుతుంది.

లోడ్ లెక్క కూడా ఇలాంటి పరీక్షల్లోనే బయటపడింది. గాలివేగం కొలిచే పిటాట్ గొట్టాన్ని వెచ్చగా ఉంచే హీటర్ ఒక్కటే ఎనిమిది పది ఆంపియర్లు తాగుతుంది. 100 వాట్ల పాత ల్యాండింగ్ లైటు కూడా అంతే. రేడియో వింటున్నంతసేపు పెద్దగా ఏమీ అడగదు, మాట్లాడితే కొన్ని రెట్లు అడుగుతుంది. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కంట్రోలర్‌తో ముచ్చట్లు తగ్గించుకోవాలన్న సలహా వెనకున్నది ఈ లెక్కే.

ఇంతవరకూ కరెంటు పోతే పోయేది తెరలూ రేడియోలూ. ఇంజన్ మాగ్నెటోల మీద నడుస్తూనే ఉండేది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఆ హద్దు చెరిపేసింది. కాలిఫోర్నియాలో క్లాస్ సావియేకు చెందిన లైట్‌స్పీడ్ సంస్థ చేసిన ప్లాస్మా ఇగ్నిషన్లు పెట్రోలు ఆదా చేసేవి, ఇంజన్ నున్నగా తిరిగేది. కానీ వాటికి బయటి నుంచి 12 వోల్టులు కావాలి. చాలామంది ఒక వైపు మాగ్నెటో ఉంచుకుని, రెండో వైపు దీన్ని పెట్టారు. రెండూ ఎలక్ట్రానిక్ చేసినవాళ్లకు బ్యాటరీ అనేది ఇంజన్‌లో ఒక భాగమైపోయింది. సుబారు కారు ఇంజన్లు వాడినవాళ్ల సంగతీ అంతే. ఎలక్ట్రిక్ పంపు, ఇంజెక్టర్లు, కంప్యూటర్ ఏది ఆగినా ప్రొపెల్లర్ ఆగుతుంది. నకల్స్ వాళ్లకోసం రెండు బ్యాటరీలతో వేరే వైరింగ్ పటం గీయవలసి వచ్చింది.

దీనికి జవాబుగా వచ్చినవాటిలో తెలివైనది టెక్సాస్‌లో తయారయ్యే పీ-మ్యాగ్. చూడటానికి మాగ్నెటో స్థానంలోనే కూర్చుంటుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనే, కానీ లోపల సొంతంగా ఒక బుల్లి ఆల్టర్నేటర్ ఉంది. ఇంజన్ ఒక వేగం దాటాక బయటి కరెంటు తీసేసినా నడుస్తుంది. ఎగరబోయే ముందు దానికిచ్చే కరెంటు కోసి, ఇంజన్ తడబడుతుందేమో చూడటం వాడేవాళ్లకు అలవాటు. 2012లో వచ్చిన రోటాక్స్ 912 ఐఎస్ ఇంకో దారి పట్టింది. అందులో రెండు జనరేటర్లున్నాయి. ఒకటి ఇంజన్ కంప్యూటర్లకు, రెండోది విమానానికి. మొదటిది పోతే రెండోది ఇంజన్‌కు మళ్లుతుంది, అప్పుడు విమానంలోని మిగతావన్నీ బ్యాటరీ మీద పడతాయి. రెండూ పోతే ఆఖరి దిక్కు ఒక బ్యాకప్ స్విచ్, దాని వెనక మళ్లీ అదే బ్యాటరీ.

డయల్ మీటర్లు పోయి తెరలు వచ్చిన కథ సమాంతరంగా నడిచింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని డైనన్ కంపెనీ 2000ల మొదట్లో ఇంటి విమానాలకు అందుబాటు ధరలో తెర అమ్మింది. తర్వాత వచ్చిన స్కైవ్యూకు సొంత లిథియం-అయాన్ బ్యాటరీ ఇచ్చి, దాన్ని ఏటా పరీక్షించమని, తెర 45 నిమిషాలు నిలవాలని చెప్పింది. పరీక్ష మెనూలోనే ఉంది. ఒక బటన్ నొక్కి టీ తాగి రావచ్చు. గార్మిన్ తన చిన్న జీ5 పరికరానికి నాలుగు గంటల దాకా వచ్చే బ్యాటరీ పెట్టింది. ఏళ్ల తరబడి ఔత్సాహికులు గడియారం పట్టుకుని చేసుకున్న పని ఇలా కంపెనీల మాన్యువల్లోకి ఎక్కింది. దీంట్లో ఒక చిన్న మోసముంది. తెర నిలిచినంత మాత్రాన రేడియో, ట్రాన్స్‌పాండర్, ఇంధన పంపు నిలిచినట్టు కాదు. అవి ఇంకా పెద్ద బ్యాటరీ మీదే ఉన్నాయి.

ఆ పెద్ద బ్యాటరీ స్థానంలోకి గత పదిహేనేళ్లలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వచ్చింది. 1990ల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త గుడినఫ్ బృందంలో దీనికి పునాది వేసినవాళ్లలో అక్షయ పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయులున్నారు. ఈ బ్యాటరీ సీసం బ్యాటరీ బరువులో మూడో వంతు కూడా ఉండదు. 2013 జనవరిలో బోయింగ్ 787 బ్యాటరీలు మండి ఆ విమానాలన్నీ మూడు నెలలు నేలమీద నిలిచిపోయినప్పుడు ఇంటి విమానాలవాళ్లూ భయపడ్డారు. అందులోది వేరే రసాయనం, ఇంకా చురుకైంది. ఐరన్ ఫాస్ఫేట్‌తో అసలు చిక్కు వేరే చోట ఉంది. అది 13 వోల్టుల చుట్టూ చదునుగా నిలబడి, ఆఖర్లో ఒక్కసారిగా పడిపోతుంది. సీసం బ్యాటరీలో వోల్ట్‌మీటర్ చూసి ఎంత మిగిలిందో సుమారుగా చెప్పవచ్చు. ఇక్కడ మీటర్ చివరిదాకా బాగానే చూపిస్తుంది, ఆపైన లోపలి రక్షణ సర్క్యూటే తలుపు మూసేస్తుంది. నిమిషాలు కొలిచి తెలుసుకోవడం తప్ప వేరే దారి మిగల్లేదు.

సైనిక, ప్రయాణికుల విమానాల్లో ఈ క్రమశిక్షణ ఎప్పటినుంచో ఉంది. హైదరాబాద్‌లో 1977లో మొదలైన హెచ్‌బీఎల్ లాంటి సంస్థలు తయారుచేసే నికెల్-కాడ్మియం విమాన బ్యాటరీలను నిర్ణీత గడువుకు దించి, బ్యాటరీ షాపులో పూర్తిగా ఖాళీ చేసి, మళ్లీ నింపి, ఎంత ఇచ్చిందో రాసి పంపుతారు. భారతదేశంలో ఇంటి విమానాల సంగతి ఇంకా ఆరంభంలోనే ఉంది. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ డాబా మీద కట్టిన ఆరు సీట్ల విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ రావడమే పెద్ద వార్త అయింది.

అమెరికా హ్యాంగర్లలో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. పరీక్షలెందుకు, రెండేళ్లకోసారి కొత్త బ్యాటరీ వేసేస్తే పోతుంది కదా అంటారు ఒకరు. రెండు బ్యాటరీలున్నవాళ్లు ఏటా ఒకటి మార్చి, పాతదాన్ని సహాయక స్థానానికి జరుపుతారు. ఖర్చు తక్కువే కాబట్టి ఆ వాదనలో బలముంది. రెండో పక్షం వాదన మాత్రం ఇంకా గట్టిది. కొత్త బ్యాటరీ వేసినంత మాత్రాన దాని వెనకున్న డయోడ్, ఏళ్లుగా ఎవరూ వెయ్యని రెండో దారి స్విచ్, తుప్పు పట్టిన గ్రౌండ్ కనెక్షన్, తర్వాత ఎప్పుడో అదే బస్‌కు తగిలించిన కొత్త పరికరం లోడ్, వీటిలో ఏదీ పరీక్షించినట్టు కాదు. ఎండ్యూరెన్స్ బస్ మీద ఒక గంట కూర్చుంటే అవన్నీ ఒకేసారి బయటపడతాయి. కొత్త బ్యాటరీతోనూ ఏడాదికోసారి ఆ పరీక్ష చేసి, నిమిషాలను లాగ్‌బుక్‌లో రాసుకునేవాళ్లు ఈ రెండో పక్షంలోనే ఎక్కువ.